155ని 2తో భాగిస్తే 63 ఎందుకు? ఈ-1 నుంచి ఓటీఎన్ దాకా వేగాల లెక్క

కొత్తగా నాక్‌లో (టెలికాం నెట్‌వర్క్‌ను చూసుకునే కంట్రోల్ రూములో) చేరిన పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఎస్‌టీఎం-1 అంటే 155 ఎంబీ కదా. ఈ-1 అంటే 2 ఎంబీ. భాగిస్తే 77 రావాలి. మరి 63 అంటారేంటి?"

ఈ-1 అంటే టెలికాంలో చిన్న డిజిటల్ లైను, ఎస్‌టీఎం-1 అంటే అలాంటివి ఎన్నో కలిపి ఫైబర్ మీద మోసే పెద్ద లైను. ఎంబీ అంటే ఇక్కడ సెకనుకు మెగాబిట్లు. పూర్తి అంకెలు వేసి 155.52ని 2.048తో భాగిస్తే 75.9 వస్తుంది. అయినా ఎస్‌టీఎం-1లో 63కి మించి ఈ-1లు దించుకోలేం. మిగతా పన్నెండు ఎటు పోయాయో తెలిసినవాడికి వేగాల పట్టిక బట్టీ పట్టాల్సిన పని ఉండదు. నేను ఉద్యోగమంతా ట్రాన్స్‌మిషన్ రూముల్లోనే గడిపాను. ఒక చేతిలో బీఎన్‌సీ కేబులు, ఇంకో చేతిలో ఫోను, ముందు డీడీఎఫ్, అంటే కేబుళ్లన్నీ వచ్చి చేరే చట్రం. అక్కడ గోడకు అంటించిన పట్టిక ఎప్పుడూ ఉండేది, దాన్ని చూసి తప్పు లెక్క వేసేవాళ్లూ ఎప్పుడూ ఉండేవాళ్లు. భాగహారం రాక కాదు. భాగిస్తున్న రెండు అంకెలూ రెండు వేరే లేయర్లవని చూసుకోక.

మొదట ఒక్క బైటు వెల తెలుసుకోండి

పాత టెలిఫోన్‌లో మాటను సెకనుకు 8000 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతకు 8 బిట్లు. 8000 × 8 = 64,000. అదే 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), ఒక మాట చానల్. సెకనులో 8000వ వంతు అంటే 125 మైక్రోసెకన్లు. ఫ్రేము అంటే మళ్లీ మళ్లీ వచ్చే బిట్ల కట్ట, ఈ-1లో దాని నిడివి అంతే. 1988లో ఎస్‌డీహెచ్ (ఎస్‌టీఎం-1 ఈ కుటుంబానిదే) ప్రమాణాలు వచ్చినప్పుడు అందులోని ఫ్రేముకూ అదే నిడివి ఉంచారు. కాబట్టి ఈ రెండింటిలో ఎక్కడైనా సరే, ఫ్రేములో ఒక బైటు కనబడితే దాని వెల 64 కేబీపీఎస్. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా గుణకారమే.

ఈ-1లో 32 బైట్లు. 32 × 64 = 2048 కేబీపీఎస్. ఇందులో సున్నా నంబరు టైమ్‌స్లాట్ (ఒక బైటు చోటు) ఫ్రేమింగ్‌కు, అంటే ఫ్రేము ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడానికి పోతుంది. ఎక్స్ఛేంజి ట్రంకు అయితే 16వ స్లాట్ సాధారణంగా సిగ్నలింగ్‌కు (కాల్ కలపడం, తెంచడం). అంటే మాటకు 30 చానళ్లు, 1920 కేబీపీఎస్. అదే ఈ-1ని రెండు రౌటర్ల మధ్య డేటాకు వాడితే 16వ స్లాట్ కూడా మీదే, 31 × 64 = 1984. ఫ్రేమింగే లేకుండా వాడితే మొత్తం 2048. కస్టమరు "నాకు 2 ఎంబీ ఇచ్చారు" అంటే ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. ఇంటర్‌ఫేస్ సెట్టింగు చూడకుండా జవాబు చెప్పకండి.

అమెరికా టీ-1 కొంచెం వంకర. 24 బైట్లు, పైన ఒకే ఒక్క ఫ్రేమింగ్ బిట్, మొత్తం 193 బిట్లు. 193 × 8000 = 1544 కేబీపీఎస్. ఒక్క బిట్టు వెల 8 కేబీపీఎస్ అని ఇక్కడ తెలుస్తుంది.

ఎస్‌టీఎం-1ని నిలువు వరుసల్లో లెక్కపెట్టండి

ఎస్‌టీఎం-1 ఫ్రేమును కాగితం మీద గడులుగా గీయండి. అడ్డంగా 9 వరుసలు, నిలువుగా 270. ఒక్కో గడి ఒక బైటు. ఒక నిలువు వరుసలో 9 బైట్లు కాబట్టి దాని వెల 9 × 64 = 576 కేబీపీఎస్. 270 × 576 చేసి చూడండి, 155.52 ఎంబీపీఎస్ సరిగ్గా వస్తుంది. నా దృష్టిలో ఆప్టికల్ లెక్కలకు అసలు యూనిట్ ఈ 576. పుస్తకాల్లో దీనికి ఇంత ప్రాధాన్యం ఇవ్వరు, కానీ ఇదే పట్టుకుంటే లెక్క చేతి వేళ్ల మీదికి వస్తుంది.

ఇప్పుడు ఈ-1ని ఇందులో కూర్చోబెడదాం. దానికి 32 బైట్లు కావాలి. మూడు నిలువు వరుసలిస్తే 27 బైట్లే, చాలవు. నాలుగిస్తే 36. నాలుగే ఇవ్వాలి. మిగిలిన 4 బైట్లలో ఒకటి పాయింటర్‌కు (సరుకు ఎక్కడ మొదలైందో చెప్పేది), ఒకటి పాత్ ఓవర్‌హెడ్‌కు (దారి బాగుందో లేదో చూసే సమాచారం) పోతాయి. మిగతా రెండూ ఎక్కువగా స్టఫింగ్ (ఖాళీ నింపడం), క్లాకు సర్దుబాట్ల కోసమే. ఈ 36 బైట్ల పెట్టె పేరే టీయూ-12.

63 ఈ-1లకు 63 × 4 = 252 నిలువు వరుసలు. సెక్షన్ ఓవర్‌హెడ్, పాయింటర్లకు కలిపి మొదటి 9. వీసీ-4, అంటే ఎస్‌టీఎం-1లో సరుకు మోసే పెద్ద పెట్టె, దాని సొంత ఓవర్‌హెడ్‌కు 1. సర్దుబాటులో ఖాళీగా పోయేవి 8. మొత్తం 252 + 9 + 1 + 8 = 270. పోయిన పన్నెండు ఈ-1ల లెక్క తేలింది. కొంత ఓవర్‌హెడ్‌కు, కొంత స్టఫింగ్‌కు, ఎక్కువ భాగం 32 బైట్లకు 36 బైట్ల పెట్టె ఇచ్చినందుకు.

లెక్క అర్థమైందో లేదో టీ-1తో పరీక్షించుకోండి. టీ-1కి 24 బైట్లు, ఒక బిట్. మూడు నిలువు వరుసల్లో, అంటే 27 బైట్లలో హాయిగా పడుతుంది. 252ని 3తో భాగిస్తే 84. ఎస్‌టీఎం-1లో 84 టీ-1లు పడతాయని ప్రమాణం చెప్పేదీ అదే. ఇది మొదటిసారి కాగితం మీద కుదిరినప్పుడు, 576 కేబీపీఎస్ వరుసను ఎంచుకున్నవాళ్ల మీద నాకు చాలా గౌరవం కలిగింది. 3 వరుసల టీ-1, 4 వరుసల ఈ-1 ఒకే చట్రంలో మిగులు లేకుండా పట్టాయి.

అమెరికాలో పనిచేసే మనవాళ్లు ఓసీ (ఎస్‌డీహెచ్‌కు అక్కడి రూపంలో వేగాల పేర్లు) భాషలో మాట్లాడతారు. అక్కడి చిన్న ఫ్రేము 90 నిలువు వరుసలు, 90 × 576 = 51.84 ఎంబీపీఎస్, ఓసీ-1. మూడు కలిస్తే ఎస్‌టీఎం-1. కాబట్టి ఓసీ పక్కనున్న అంకెను 3తో భాగిస్తే ఎస్‌టీఎం అంకె వస్తుంది. ఓసీ-12 అంటే ఎస్‌టీఎం-4, 622.08 ఎంబీపీఎస్. ఓసీ-48 అంటే ఎస్‌టీఎం-16, 2488.32. ఓసీ-192 అంటే ఎస్‌టీఎం-64, 9953.28. ఇక్కడ మాత్రం ఓవర్‌హెడ్ తేడా లేకుండా నాలుగింతలు చేసుకుంటూ పోవచ్చు, ఎందుకంటే బైట్లను యథాతథంగా అల్లుతారు.

పీడీహెచ్‌లో ఈ సుఖం లేదు

పీడీహెచ్ అంటే ఎస్‌డీహెచ్‌కు ముందటి పద్ధతి. అందులోని 34 ఎంబీ, 140 ఎంబీ సిస్టమ్‌లు చూసిన తరం రిటైర్ అయిపోతోంది. పాత లీజు పత్రాల్లో ఆ అంకెలు ఇంకా తగులుతాయి కాబట్టి చెబుతున్నాను. నాలుగు ఈ-1లు కలిపితే 8.192 రావాలి, కానీ ఈ-2 వేగం 8.448. నాలుగు ఈ-2లు 33.792, కానీ ఈ-3 వేగం 34.368. నాలుగు ఈ-3లు 137.472, ఈ-4 మాత్రం 139.264. అక్కడ ప్రతి ఈ-1 తన సొంత క్లాకు మీద నడుస్తుంది, మిలియన్‌కు 50 పాళ్లు అటూఇటూ అయినా చెల్లుతుంది. ఆ తేడా సర్దడానికి ప్రతి మెట్టులో ఫ్రేమింగ్ బిట్లు, జస్టిఫికేషన్ బిట్లు కలిపారు. అందుకే ఏ బిట్టు ఎవరిదో పైనుంచి చూసి చెప్పలేం. లారీ అడుగునున్న ఒక్క బస్తా కోసం పైవన్నీ దించినట్టు, మధ్య స్టేషన్‌లో ఒక్క 2 ఎంబీ స్ట్రీమ్ కోసం 140ని పూర్తిగా విప్పాల్సి వచ్చేది.

కాబట్టి పీడీహెచ్‌లో వేగాలను భాగించకండి, స్ట్రీములు లెక్కపెట్టండి. ఈ-3 అంటే 16 ఈ-1లు. ఈ-4 అంటే 64.

ఆగండి, 64 అన్నాను. అవును, 140 ఎంబీని మొత్తంగా ఒక వీసీ-4లో పెట్టి పంపితే ఎస్‌టీఎం-1 మీద 64 ఈ-1లు పోతాయి, విడివిడిగా పెడితే 63. దీనికి ఎదురు సంగతి ఇంకా ముఖ్యం. ఈ-3 ఒక వీసీ-3లో (వీసీ-4 కంటే చిన్న పెట్టె) కూర్చుంటుంది, ఎస్‌టీఎం-1కి మూడే వీసీ-3లు. అంటే 3 × 16 = 48 ఈ-1లు మాత్రమే. పాత 34 ఎంబీ మక్స్‌ను (స్ట్రీములను కలిపే డబ్బా) అలాగే ఉంచి ఆప్టికల్ మీదికి మారిస్తే 15 స్ట్రీములు పోయినట్టే. మక్స్ తీసేసి ఈ-1లుగా నేరుగా మ్యాప్ చేయించుకుంటే అవి మళ్లీ దక్కుతాయి. అమెరికా 45 ఎంబీ డీఎస్-3కి ఈ నష్టం లేదు, 28 టీ-1లు × 3 = 84, విడివిడిగా పెట్టినా అంతే.

ఈథర్‌నెట్ వచ్చాక లెక్క ఎలా వేయాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా వెళ్దాం. ఎస్‌డీహెచ్ మీద ఈథర్‌నెట్ పంపాలంటే చిన్న పెట్టెలను కట్టగట్టాలి, దాన్నే వర్చువల్ కాంకటినేషన్ అంటారు. ఒక్కో పెట్టెలో కస్టమరుకు నిజంగా దక్కే వేగం ఎంతో తెలియాలి. మన 64 సూత్రంతోనే వస్తుంది. వీసీ-12 (టీయూ-12లో పాయింటర్ పోగా మిగిలే పెట్టె) లోపలి చోటు 34 బైట్లు, 34 × 64 = 2.176 ఎంబీపీఎస్. 2.048 కాదు, ఇది గమనించండి. వీసీ-3లో 84 నిలువు వరుసలు, 84 × 576 = 48.384. వీసీ-4లో 260 వరుసలు, 149.76.

రెండో పక్కన ఈథర్‌నెట్ పోర్టు. తీగ మీద ప్రతి ఫ్రేముకు ముందు 8 బైట్ల ప్రియాంబుల్, వెనక 12 బైట్ల ఖాళీ ఉంటాయి. ఈథర్‌నెట్ ఫ్రేములను ఎస్‌డీహెచ్ పెట్టెల్లో సర్దే పద్ధతి పేరు జీఎఫ్‌పీ. అది ఆ ఇరవై బైట్లనూ తీసేసి తన సొంత 8 బైట్లు తగిలిస్తుంది. అంటే 1518 బైట్ల ఫ్రేము తీగ మీద 1538 చోటు తీసుకుంటే, ఎస్‌డీహెచ్‌లో 1526. కాబట్టి నిండా పారుతున్న 100 ఎంబీ పోర్టుకు కావాల్సింది 100 × 1526 ÷ 1538 = 99.22 ఎంబీపీఎస్.

10 ఎంబీ పోర్టుకు 9.92 కావాలి. నాలుగు వీసీ-12లు 8.704, చాలవు. అయిదు ఇస్తే 10.88, సరిపోతుంది. 1000 ఎంబీకి 992.2 కావాలి. ఆరు వీసీ-4లు 898.56, ఏడు 1048.32. ఏడు ఇవ్వాలి. ఎస్‌టీఎం-16లో పదహారు వీసీ-4లు ఉంటాయి కాబట్టి రెండు గిగాబిట్ పోర్టులు పెట్టాక ఇంకా రెండు వీసీ-4లు చేతిలో ఉంటాయి.

100 ఎంబీ దగ్గర మాత్రం నిర్ణయం తీసుకోవాలి. వీసీ-12లతో అయితే 46 కావాలి (100.096). పోర్టు పూర్తిగా నిండుతుంది, కానీ దారిలో ప్రతి నోడ్‌లో 46 క్రాస్ కనెక్టులు (ఒక లైను నుంచి ఇంకో లైనుకు కలుపులు) వేయాలి, ఎస్‌టీఎం-1లో మిగిలేవి 17 ఈ-1లే. వీసీ-3లతో అయితే రెండు చాలు, మొత్తం 96.768. కొంచెం తక్కువ. కానీ రెండే క్రాస్ కనెక్టులు, మిగిలిన మూడో వీసీ-3 స్థలంలో 21 ఈ-1లు పడతాయి. నేనైతే రెండు వీసీ-3లకే ఓటు వేస్తాను. అర్ధరాత్రి రూటు మార్చాల్సి వచ్చినప్పుడు 46 లైన్లు తిరగరాసేవాడి టెన్షన్ ప్లానింగ్ గదిలో కూర్చున్నవాడికి తెలియదు.

అలా ఇచ్చినప్పుడు ఆర్‌ఎఫ్‌సీ 2544 పరీక్షలో (వేర్వేరు సైజు ఫ్రేములతో లింకును కొలిచేది) ఏం కనబడుతుందో ముందే లెక్కేసి పెట్టుకోండి. 64, 128, 256 బైట్ల ఫ్రేములకు నూటికి నూరు వస్తుంది. చిన్న ఫ్రేముల్లో ఆ ఇరవై బైట్లు పోవడం వల్ల మిగులు ఎక్కువ. సుమారు 350 బైట్లు దాటాక తగ్గడం మొదలవుతుంది. 512 దగ్గర 99 శాతం, 1518 దగ్గర 97.5 శాతం. రిపోర్టులో ఈ వంపు కనబడితే లింకు బాగున్నట్టే. చిన్న ఫ్రేములకే తగ్గి పెద్దవాటికి బాగుంటే మాత్రం అది వేగం లెక్క కాదు, దారిలో ఏదో పరికరం ప్యాకెట్లు మోయలేకపోతోంది. 100 ఎంబీ మీద 64 బైట్ల ఫ్రేములంటే సెకనుకు 1,48,809. పాత కన్వర్టర్ డబ్బాలు కొన్నింటికి అది బరువే.

"10 ఎంబీ కొన్నాను, 1.1 ఎంబీయే వస్తోంది"

ఈ ఫిర్యాదుకు ఒక్క కాగితం చాలు. 10 ఎంబీపీఎస్‌ను 8తో భాగిస్తే సెకనుకు 1.25 మెగాబైట్లు. టీసీపీలో ఒక ఫ్రేముకు అసలు సరుకు 1460 బైట్లు, తీగ మీద చోటు 1538. 1.25 × 1460 ÷ 1538 = 1.187. టెలికాంలో కిలో అంటే 1000, మెగా అంటే పది లక్షలు. కానీ విండోస్ లాంటివి 1024ను 1024తో గుణించి మెగాబైటు అంటాయి. 1.187ను 1.0486తో భాగిస్తే 1.13. కస్టమరు తెర మీద చూస్తున్న 1.1 అదే. లింకులో లోపం లేదు. కస్టమరుకు ఇది కోపం రాకుండా చెప్పడం వేరే విద్య.

ఈ-1 మీద రౌటరు పెట్టినవాళ్లకైతే 1984 నుంచి మొదలుపెట్టండి. 8తో భాగిస్తే 248 కిలోబైట్లు, హెడర్లు పోగా సుమారు 240.

ఓటీఎన్ దగ్గర 64 సూత్రం ఆగిపోతుంది

ఓటీఎన్ అంటే ఎస్‌డీహెచ్ తర్వాత వచ్చిన ఆప్టికల్ ట్రాన్స్‌పోర్ట్ నెట్‌వర్క్. 2001లో వచ్చిన దాని ప్రమాణం జీ.709తో ఆలోచనే మారింది. ఇక్కడ ఫ్రేము సైజు స్థిరం, అడ్డంగా 4 వరుసలు, నిలువుగా 4080. వేగం పెరిగితే ఫ్రేము కాలం తగ్గుతుంది. కాబట్టి ఒక బైటు అంటే 64 కేబీపీఎస్ అని ఇక్కడ అనకండి. భిన్నాలతో లెక్కించాలి.

ఓటీఎన్‌లో లైను మీద పోయే ఫ్రేము పేరు ఓటీయూ. ఓటీయూ-1 అంటే 2.48832 × 255 ÷ 238 = 2.666 జీబీపీఎస్. ఓటీయూ-2 అంటే 9.95328 × 255 ÷ 237 = 10.709. ఓటీయూ-3లో కింది అంకె 236 (43.018), ఓటీయూ-4లో 99.5328 × 255 ÷ 227 = 111.81. పెరిగిన భాగంలో ఎక్కువ శాతం ఎఫ్‌ఈసీ, అంటే దారిలో చెడిన బిట్లను అవతల బాగుచేసే కోడ్. అది కస్టమరుకు అమ్మే సరుకు కాదు.

10 గిగాబిట్ ఈథర్‌నెట్‌లో ఒక చిక్కు ఉంది. మామూలు లాన్ పోర్టు 64 బిట్లకు 66 పంపుతుంది, కాబట్టి లైను వేగం 10.3125. ఓటీయూ-2 వేగం 10.709 అని చూసి "పడుతుందిలే" అనుకుంటారు. కానీ దాని లోపలి చోటు 9.995 మాత్రమే. లైన్ బిట్లన్నీ యథాతథంగా పోవాలంటే పట్టదు. ఓటీయూ-2ఈ కావాలి, 10.3125 × 255 ÷ 237 = 11.096. లేదా జీఎఫ్‌పీతో ఫ్రేములు మాత్రమే పంపితే 1518 బైట్లకు 9.92 చాలు కాబట్టి మామూలు ఓటీయూ-2లోనే పడుతుంది. ఒక చివర ఓటీయూ-2, ఇంకో చివర ఓటీయూ-2ఈ పెట్టి, పవర్ లెవెల్ బాగుంది కానీ లింకు రావడం లేదని ఫైబర్ కొనలు తుడుస్తూ కూర్చునేవాళ్లను చూశాను. వేగాలే కలవనప్పుడు తుడిచి లాభం లేదు. అలాగే వాన్ రకం (దూరపు లైన్ల కోసం చేసిన) 10 జీ పోర్టు ఎస్‌టీఎం-64 వేగంతో నడుస్తుంది. దాని లోపలి 9.58464ను 64 ÷ 66తో గుణిస్తే ఈథర్‌నెట్‌కు దక్కేది 9.294. పేరు 10 అయినా పది రాదు.

అమెరికా లైన్లతో కలిసే చోట

హైదరాబాద్ కాల్ సెంటర్లకు అమెరికా నుంచి వచ్చే మాట చానళ్ల విషయంలో వేగంతో పాటు ఇంకో మార్పు ఉంది. మాటను బిట్లుగా మార్చే పద్ధతి అక్కడ ము-లా, ఇక్కడ ఏ-లా. రెండూ 64 కేబీపీఎస్సే, లోపలి కోడింగ్ వేరు. ప్రమాణం ప్రకారం మార్చే బాధ్యత ము-లా వాడే దేశానిది. చానళ్లు సర్దేటప్పుడు 4 టీ-1లు, అంటే 96 చానళ్లు, 30 చానళ్ల ఈ-1ల్లో పెట్టాలంటే మూడు చాలవు, నాలుగు తీసుకోండి. సిగ్నలింగ్ వేరే దారిన పోతే ఈ-1కి 31 చొప్పున వేసినా 93 దగ్గర ఆగుతుంది.

లైను అప్పగించే ముందు

బీఈఆర్ (తప్పు బిట్ల రేటు) మీటరు పెట్టినప్పుడు కూడా వేగం మార్పు గుర్తుంచుకోండి. 10కి మైనస్ 9వ ఘాతం ఎర్రర్ రేటు అంటే ఈ-1 మీద సుమారు 8 నిమిషాలకు ఒక తప్పు. అదే రేటు ఎస్‌టీఎం-1 మీద ఆరున్నర సెకన్లకు ఒకటి, ఎస్‌టీఎం-64 మీద సెకనుకు పది. అందువల్ల ఈ-1ని అయిదు నిమిషాలు చూసి "సున్నా ఎర్రర్లు" అని సంతకం పెడితే దానికి విలువ లేదు, 24 గంటలు వదలండి. రిపోర్టులో వేగం రాసే గడిలో "2 ఎంబీ" అని ఊరుకోకుండా 2048 అన్‌ఫ్రేమ్డ్, 1984 ఫ్రేమ్డ్, 2176 వీసీ-12 అని ఏదైతే అది రాయండి. ఆర్నెల్ల తర్వాత రాత్రి డ్యూటీలో ఆ ఫైలు తెరిచేవాడు మీకు ఫోన్ చేయకుండా ఉంటాడు.